ఫజ్ పెట్టెకు పడిన పూచీ

మస్కట్‌లో పాత ఫజ్ పెట్టెను మధ్యాహ్నం పూట విని తీర్పు చెప్పకూడదు. అజైబాలో నేను పనిచేసిన వాయిద్యాల షాపులో కొత్తగా చేరినవాళ్లకు నేను మొట్టమొదట చెప్పే మాట ఇదే. చెప్పేటప్పుడు గొంతులో కాస్త గర్వం కూడా పలికేది. పోయిన ఏడాది డ్యూటీ మానేసి ఇంట్లో కూర్చున్నాక ఆ గర్వం గురించి ఆలోచించే తీరిక దొరికింది. ఆలోచించినకొద్దీ తల దించుకోవాల్సి వస్తోంది.

ఫజ్ అంటే ఏమిటో తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. ఎలక్ట్రిక్ గిటారు వాయించేవాళ్లు కాళ్ల దగ్గర పెట్టుకుని తొక్కే చిన్న ఇనప పెట్టె అది. తొక్కనంతసేపూ గిటారు మామూలుగా పలుకుతుంది. తొక్కగానే స్వరం గరుకెక్కుతుంది. తంబురా తీగ కింద దారప్పోగు పెడితే ఒక జీర పుడుతుంది చూడండి, దాన్ని పదింతలు చేసి, కొత్త గుడ్డ చింపిన చప్పుడు కలిపితే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. పాతకాలపు పెట్టెల్లో వాడిన ట్రాన్సిస్టర్లకు వేడి పడదు. ఎండలో నిలబెట్టిన కారులోంచి తెచ్చి వెంటనే తీగ తగిలిస్తే గొంతు పూడిన మనిషిలా మూలుగుతుంది. అదే పెట్టెను కాసేపు ఏసీ కింద ఉంచి వింటే పాడుతుంది. ఒమన్ ఎండల్లో విని మంచి పెట్టెను చెత్త అని తీసిపారేసినవాళ్లను చూశాను. నేను మాత్రం ఎప్పుడూ పారేయలేదు.

నేను మొదట పత్రికవాణ్ణి. రాజమండ్రిలో ఒక దినపత్రిక డెస్కులో చాలాకాలం వార్తలు దిద్దాను. ఎడిషన్ మూతపడ్డాక బావమరిది పిలిస్తే మస్కట్ వచ్చాను. చిన్నప్పుడు చర్చిలో గిటారు వాయించిన చేయి, వార్తలు రాసిన చేయి ఒకటే కావడంతో షాపులో పాత సరుకు విభాగం నా పాలబడింది. వచ్చిన వస్తువును వినడం, అసలుదో కాదో తేల్చడం, షాపు వెబ్ పేజీలో దాని గురించి నాలుగు పేరాలు రాయడం నా పని. ఒక ఒమనీ పెద్దమనిషి మా అర్బాబ్, అంటే యజమాని. రిపేరు బల్ల దగ్గర ఒక మలయాళీ టెక్నీషియన్ ఉండేవాడు. నన్ను పేరుపెట్టి ఎప్పుడూ పిలవలేదు. "రిపోర్టర్ సాబ్" అనేవాడు. అందులో మర్యాద సగం, ఎగతాళి సగం.

డెస్కులో నేర్చుకున్న అలవాట్లు నాతోపాటే సముద్రం దాటాయి. ఏ వస్తువునైనా రెండుసార్లు వినకుండా మాట అనేవాణ్ణి కాదు. రాసేటప్పుడు మొదటి వాక్యం కోసం గంటలు కూర్చునేవాణ్ణి. ఇంకో అలవాటు కూడా ఉంది. నా కళ్లతో చూడని దేన్నీ నా మాటగా రాసేవాణ్ణి కాదు. ఫలానావారు చెప్పారు, ఫలానావారు ఆరోపించారు అని రాసి పక్కకు తప్పుకునేవాణ్ణి. డెస్కులో దాన్ని జాగ్రత్త అనేవాళ్లం. దానివల్ల నాకు ఎన్నడూ ఇబ్బంది రాలేదు. వచ్చిందేమైనా ఉంటే ఎదుటివాళ్లకే వచ్చింది.

రెండేళ్ల కిందట ఎండాకాలంలో, మిట్టమధ్యాహ్నం, మా సహవాసంలో కనబడే ఒక కడపావిడ షాపుకు వచ్చింది. సహవాసం అంటే శుక్రవారం సెలవు కాబట్టి ఆ రోజు చర్చి కాంపౌండులో ఒక హాలు తీసుకుని తెలుగువాళ్లం చేసుకునే ఆరాధన. ఇళ్లల్లో పనిచేసే ఆడవాళ్లే అక్కడ ఎక్కువ. ఈమె అజైబాలోనే ఒక విల్లాలో పనిచేసేది. ఆ ఇంటి యజమాని ఇంగ్లండు నుంచి ఎప్పుడో వచ్చి ఇక్కడే ఉండిపోయిన ముసలి ఇంజనీరు. ఆయన చనిపోయి అప్పటికి కొద్ది వారాలే అయింది. కూతురు వచ్చి ఇల్లు ఖాళీ చేయిస్తోందని సహవాసంలో అనుకోగా విన్నాను.

బస్సు దిగి ఎండలో నడిచి వచ్చినట్టుంది, మొహం ఎర్రబడిపోయింది. సూపర్ మార్కెట్ కవరులోంచి, పాత తువ్వాలులో చుట్టిన బూడిదరంగు ఇనప పెట్టె తీసి కౌంటరు మీద పెట్టింది.

"అన్నా, ఇది పలుకుతాదా, సచ్చిందా, రవ్వంత చూడు."

"ఎక్కడిదమ్మా?"

"మా సారుది. పోయేముందర నాకిచ్చినాడు. ఊర్లో మా తమ్ముడు చర్చిలో గిటారు కొడతాడు గదా, పనికొచ్చేదైతే వానికి తీస్కపోతా. సచ్చిందైనా పారెయ్యన్లే, సారు గుర్తు."

పెట్టె చేతికి కాలింది. నేను ఆగమనేలోపే టెక్నీషియన్ తీగలు తగిలించి గిటారు మీటాడు. ఫట్ మని చిన్న చప్పుడు వచ్చి ఆగిపోయింది.

"ఖతం, రిపోర్టర్ సాబ్. ఇస్‌కో దఫన్ కర్ దో" అన్నాడు.

"ఏమంటాడన్నా ఆ అబ్బి?"

"పూడ్చిపెట్టమంటున్నాడమ్మా."

"వాని నోట్లో మన్నుబడ. ఇంగోసారి కొట్టమను."

నేను నవ్వి, పెట్టెను ఏసీ ముందు పెట్టి, ముగ్గురికీ టీ తెప్పించాను. ఆ టీ తాగుతుండగా ఆమె చెప్పిన సంగతి ఇది. సారు రోజూ సాయంత్రం వరండాలో కూర్చుని గిటారు వాయించేవాడు. తర్వాత ఒక పక్క బలం తగ్గింది. కుడిచేత్తో తీగలు మీటగలిగేవాడు, ఎడమచేతి వేళ్లు కొంచెం కొంచెం ఆడేవి, కాలు మాత్రం మాట వినేది కాదు. పెట్టెను తొక్కడం రాలేదు. అందుకని ఈమెను పక్కన నిలబెట్టుకున్నాడు. ఆయన తల ఊపగానే ఈమె పెట్టె తొక్కాలి. మళ్లీ ఊపితే మళ్లీ తొక్కాలి.

"ఫస్టు ఫస్టు నాకు తెలిసేది కాదన్నా. ఆయప్ప ఊరికే ఈగ తోలుకున్న్యా నేను తొక్కేసేదాన్ని. గిటారు గయ్ మనేది. ఆయప్ప పడీపడీ నవ్వేటోడు. అట్ల నవ్వి నవ్వి దగ్గొచ్చేది. ఇంగ మందులిచ్చి పడుకోబెట్టేది."

"పెట్టె నీకెప్పుడిచ్చాడు?"

"ఆస్పత్రికి పోయేముందర. దిస్ ఈజ్ యువర్స్ అన్న్యాడు. నాకెందుకు సార్ అంటే, నీ కాలిదే గదా అన్న్యాడు."

అప్పటికి పెట్టె చల్లబడింది. నేను గిటారు తీసుకుని కీర్తన రాగం ఒకటి నెమ్మదిగా అందుకున్నాను. పాదం పూర్తవుతుండగా తల ఊపాను. ఆమె చెప్పు విడిచి, మడమ ఎత్తి, మునివేళ్లతో తొక్కింది.

ఆ శబ్దం ఇప్పటికీ చెవిలో ఉంది. కొత్త పెట్టెలు అరుస్తాయి. ఇది అరవలేదు. స్వరం అంచులు మాత్రమే చిరిగాయి, లోపల పాట పాటలాగే ఉంది. గిటారు మీద శబ్దం తగ్గించే పిడిని కొంచెం వెనక్కి తిప్పితే ఆ చిరుగు మాయమై తీగ తేటగా పలికింది, ముందుకు తిప్పితే మళ్లీ జీర వచ్చింది. నకిలీలకు ఈ రావడం పోవడం చేతకాదు. చివరి స్వరాన్ని వదిలేస్తే అది సన్నబడి, సన్నబడి, ఆగేముందు ఒక్కసారి గరగరలాడి పోయింది. టెక్నీషియన్ టీ గ్లాసు కింద పెట్టాడు. ఆమె కళ్లు తుడుచుకుని, "ఇదే అన్నా. ఇట్లనే ఉంటాది" అంది.

వెనక మూత విప్పి చూశాం. లోపలి భాగాలూ, వాటి టంకం చుక్కలూ మొదటివే. మూత విప్పకముందే నా చెవి ఆ మాట చెప్పింది. ఎన్నో ఏళ్ల ఉద్యోగంలో అలాంటి పెట్టె మా బల్ల మీదికి అదొక్కటే వచ్చింది. నాకు కాళ్లు నేల మీద ఆనలేదు.

ఒక విషయం ఇక్కడే చెప్పాలి. పాత సరుకు తెచ్చేవాళ్లను చాలామందిని చూశాను. తనది కాని వస్తువు తెచ్చినవాడు ముందు ధర అడుగుతాడు, తర్వాత గుమ్మం వైపు చూస్తాడు. ఆమె ధర ఎంతని ఒక్కసారి కూడా అడగలేదు. నేనే ఉండబట్టలేక, చాలా విలువైనదమ్మా ఇది అంటే, "అట్లనా" అని తువ్వాలులో చుట్టుకుంది. ఆ సంగతి నేను గమనించాను. గమనించడం నా వృత్తి.

మా షాపు పేజీలో వారం వారం ఒక పాత వస్తువు కథ రాసేవాణ్ణి. అమ్మకానికి ఉండాలని లేదు, షాపు గడప తొక్కితే చాలు. ఆమెను అడిగాను, దీని గురించి రాసుకుంటానని.

"నా గురించి ఏముందన్నా రాసేదానికి" అని నవ్వింది.

దాన్ని నేను ఒప్పుకోలు కింద జమకట్టాను. పెట్టె మీద ఆమె పాదం ఉన్న ఫొటో ఒకటి తీసుకున్నాను. పేరు రాయలేదు, మొహం వేయలేదు, విల్లా ఎక్కడో చెప్పలేదు. ఇంగ్లీషులో రాశాను కాబట్టి ఆమె చదవలేదు. ఆ రాతలో అన్నీ పెట్టాను. వరండా, ఈగ, దగ్గు, పడిపోయిన చేయి, మాట వినని కాలు. ఆఖరి వాక్యం ఎంతో బాగా కుదిరిందని రెండుసార్లు చదువుకున్నాను కూడా. అర్బాబ్ చదివి, "జేన్, వల్లా జేన్" అని మెచ్చుకుని భుజం తట్టాడు. ఎప్పుడూ లేనంతమంది చదివారు.

అలా చదివినవాళ్లలో ఆ ముసలాయన కూతురు కూడా ఉంది.

ఆమె షాపుకు ఫోన్ చేసి, మర్నాడు పొద్దున వస్తానంది. చెప్పినట్టే వచ్చింది, కడపావిడను వెంటబెట్టుకుని. పెట్టె కూతురి చేతిలో ఉంది. కడపావిడ ఆమెకు రెండడుగుల వెనక నిలబడి ఉంది. నావైపు చూసి తల ఊపింది. ఆ చూపులో భయం లేదు. తెలిసినవాడు ఒకడున్నాడు కదా అన్న ధైర్యం ఉంది. అది తలచుకుంటేనే నాకు ఎక్కువ కష్టంగా ఉంటుంది.

అర్బాబ్ ఆమెను కూర్చోబెట్టి కహ్వా కాఫీ, ఖర్జూరాలు పెట్టించాడు. ఆమె ముట్టుకోలేదు. చెడ్డమనిషి కాదు. నిద్రలేని మొహం. ఇంగ్లీషులో నెమ్మదిగా మాట్లాడింది.

"నాన్నకు చేయి పడిపోయిందని నాకు ఎవరూ చెప్పలేదు. ఫోన్‌లో బాగానే ఉన్నానని అనేవాడు. మీ షాపు పేజీలో చదివి తెలుసుకున్నాను."

నేను క్షమించమన్నాను. పేరు రాయలేదండీ అన్నాను.

"ఆ వరండా గచ్చు మీద నేను నడక నేర్చుకున్నాను. ఫొటో చూడగానే తెలిసింది" అంది.

ఫొటో తీసింది మా షాపులో. కానీ ఆమెకు తెలిసింది పెట్టెను బట్టి. వరండా ఆమె మనసులో ఉంది. నేను దిద్దలేదు.

"నేను రెండు విషయాలు అడుగుతాను. ఇది మామూలు పెట్టె అయితే ఆమే ఉంచుకోనీ. మీరు రాసినట్టు నిజంగా అంత అరుదైనదేనా?"

అప్పుడు నేను మాట్లాడాను. ఎలా మాట్లాడానంటే, ఏ కోర్టులో సాక్షీ అంత గట్టిగా చెప్పి ఉండడు. వేడిలో ఎలా మూగబోయిందో, చల్లబడ్డాక ఎలా పాడిందో, పిడి వెనక్కి తిప్పితే చిరుగు ఎలా మాయమవుతుందో, చివరి స్వరం ఎలా రాలిపోతుందో చెప్పాను. మూత విప్పి చూపించాను. ఇందులో అనుమానానికి తావే లేదు, ఎవరినైనా పిలిపించండి, నా చెవి మీద నాకు నమ్మకం అన్నాను. అర్బాబ్ గర్వంగా తల ఊపుతూ కూర్చున్నాడు. కూతురు అంతా విని రెండో ప్రశ్న అడిగింది.

"నాన్న ఇది తనకిచ్చాడని ఈమె అంటోంది. ఇది ఇంట్లో లేదని నేను గమనించకముందే ఈమె మీ దగ్గరికి వచ్చింది. ఆ రోజు మీతో ఏమంది? మీకేమనిపించింది?"

మీకేమనిపించింది అని అడిగింది. చెప్పడానికి నా దగ్గర చాలా ఉంది. ఎవరూ అడగకముందే, గుమ్మంలోనే, సారు ఇచ్చినాడని ఆమె చెప్పింది. ధర అడగలేదు. చెడిపోయినా పారెయ్యనంది. తల ఊపగానే తొక్కిన ఆ పాదాన్ని నేను కళ్లారా చూశాను. దొంగసొత్తు తెచ్చినవాళ్ల వాలకం నాకు తెలుసు, ఇది అది కాదు. ఇందులో ఏ ఒక్కటి చెప్పినా చాలు.

నేను ఒకసారి అర్బాబ్ వైపు చూశాను. దొంగసొత్తు షాపు బల్ల మీద పెట్టుకుని దానికి ప్రచారం కూడా చేశామన్న మాట పోలీసులదాకా వెళితే ఏమవుతుందోనని ఒక ఆలోచన మెరిసింది. ఆ వెంటనే నోట్లోంచి పాత డెస్కు వాక్యం దానంతటదే వచ్చింది.

"ఆయన ఇచ్చాడని ఆమె చెప్పిందండీ. అంతకుమించి నాకు తెలిసే అవకాశం లేదు."

కూతురు కప్పులో చల్లారిన కహ్వావైపు చూసి, "అర్థమైంది" అంది.

కడపావిడకు ఇంగ్లీషు చదవడం రాదు కానీ, ఆ ఇంట్లో అన్నేళ్లు ఉంది కాబట్టి వినడం వచ్చు. కూతురి వైపు తిరిగి తనకొచ్చిన ఇంగ్లీషులో, "టేక్ మేడం. యువర్ ఫాదర్ థింగ్" అంది. తర్వాత నాతో తెలుగులో, "తీస్కపోనీలే అన్నా, ఆమె నాయనదే గదా" అంది. పెట్టె చుట్టిన తువ్వాలు మాత్రం మడిచి చంకలో పెట్టుకుంది. అది తనది.

ఇద్దరూ వెళ్లాక టెక్నీషియన్ బల్ల దగ్గరి నుంచి తల ఎత్తకుండానే అన్నాడు.

"రిపోర్టర్ సాబ్, డబ్బాకి ఫుల్ గ్యారంటీ దియా. ఔరత్‌కి ఏక్ దిన్‌కా భీ నహీ." పెట్టెకు పూర్తి పూచీ ఇచ్చావు, ఆ ఆడమనిషికి ఒక్క రోజుది కూడా ఇవ్వలేదని.

"నీకేం తెలుసు? రేపు కేసైతే షాపు మూయిస్తారు" అని గదమాయించాను. అతను టంకం వేసుకోవడంలో పడిపోయాడు. అర్బాబ్ మాత్రం సాయంత్రం పిలిచి, "నువ్వు తప్పేమీ చెప్పలేదు. తెలిసిందే చెప్పావు" అన్నాడు. ఆ మాట వినడానికి హాయిగా ఉంది. హాయిగా ఉన్నందుకు ఇప్పుడు సిగ్గుగా ఉంది.

దీని వల్ల జరిగింది ఇది. ఇల్లు ఖాళీ అయ్యాక కడపావిడను అదే వీధిలో తమకు తెలిసిన కుటుంబంలో పెట్టిస్తానని కూతురు మొదట్లో మాటిచ్చిందట. పోలీసుల దగ్గరికి పోలేదు, దూషించలేదు, జీతం ఆపలేదు. ఆ కుటుంబానికి మాత్రం ఈమె గురించి మంచీ చెప్పలేదు, చెడూ చెప్పలేదు. వాళ్లు వేరే మనిషిని చూసుకున్నారు. ఈమెకు చివరికి దొరికింది సహం అనే ఊళ్లో, తోటల మధ్య పెద్ద కుటుంబం ఉన్న ఇల్లు. మస్కట్‌కు చాలా దూరం. శుక్రవారాలు సెలవు దొరకడం కష్టం.

నేను షాపు పేజీలోంచి ఫొటో తీసేశాను, రాతా తీసేశాను. ఆ రోజు చెప్పకుండా దాటేసినదంతా కూతురికి ఒక ఉత్తరంగా రాద్దామని కూర్చున్నాను. రాశాను, దిద్దాను, తగ్గించాను. పంపేనాటికి ఆమె దేశం దాటిపోయింది. ఫోన్‌కు మెసేజ్‌గా పంపితే, మర్యాదగా బదులిచ్చింది. "ధన్యవాదాలు. ఆ విషయం ముగిసిపోయింది. నాన్న గురించి ఇంకేమీ రాయకుండా ఉంటే సంతోషిస్తాను." అంతే. ఆమె అడిగినదానికి నేను జవాబు చెప్పాల్సిన చోటు, సమయం వేరే. అది ఆమెకు నాకంటే బాగా తెలుసు.

సహవాసంలో సంగతి ఇంకోలా నడిచింది. ఒక శుక్రవారం ఆరాధన అయ్యాక, బిర్యానీ పొట్లాలు పంచుతున్న గోదావరి అక్క నన్ను పక్కకు పిలిచింది. మాటకారి, అందరికీ పెద్దదిక్కు, ఆమెకు తెలియని కబురు మస్కట్‌లో ఉండదు.

"ఏవండీ బ్రదర్ గారూ, ఆ కడపమ్మాయి మీ షాపులోనే పట్టుబడిందంట కదండీ? నిజవేనా?"

"పట్టుబడటం ఏమిటండీ? అలాంటిదేం లేదు."

"మరి దొరసాని వచ్చి సామాను తీసుకెళ్లిపోయిందంటున్నారండీ. ముసలాయన పోయిన ఇంట్లోంచి ఏవేం తెచ్చుకుందో ఏవిటో. మా ఇళ్లల్లో వాళ్లు వింటే మమ్మల్నీ అనుమానిస్తారు కదండీ. అదీ మా భయం."

"ఆయనే ఇచ్చాడని ఆమె చెప్పింది" అన్నాను.

మళ్లీ అదే వాక్యం. నాలుక మీద అరిగిపోయిన దారి ఉన్నట్టు అదే వచ్చింది. గోదావరి అక్క, "ఆఁ, ఎవరైనా అలాగే చెబుతారండీ" అని పొట్లం నా చేతిలో పెట్టి వెళ్లిపోయింది. తప్పు లేదు. నా వాక్యానికి ఆ జవాబే వస్తుంది.

కొన్ని నెలలకు, వాతావరణం చల్లబడ్డాక, ఒక శుక్రవారం కడపావిడ హాల్లో కనబడింది. సహం, సోహార్ వైపు పనిచేసే ఆడవాళ్లు చందా వేసుకుని మాట్లాడుకున్న వ్యానులో వచ్చింది. సన్నబడింది. ఇదివరకు ముందు వరసలో, గొంతెత్తి పాడేవాళ్ల మధ్య కూర్చునేది. ఆ రోజు చివర, చెప్పుల దగ్గర కూర్చుంది. ఆమెకు అటూ ఇటూ చాప ఖాళీగా ఉంది. నేను ఆరాధన మొదలవకముందే వెళ్లి పలకరించాను.

"బాగున్నావా అమ్మా?"

"బాగుండాన్లే అన్నా. పదిమంది పిల్లోళ్లు ఆ ఇంట్లో. తిక్కలు పుట్టిస్తారు."

మళ్లీ ఆమే అంది.

"అన్నా, నేనేమీ అడగలా నిన్ను. పెట్టె పాయ, పోనీ. ఆ ఇంట్లో చేర్పిచ్చకపోతే పాయ. వీళ్లు సూడు, నేనొస్తే బ్యాగులు దగ్గరికి లాక్కుంటాండారు. ఊర్లో మా తమ్మునికి గూడా చెప్పినారంట ఎవురో. సాక్ష్యాలప్పుడు లేసి రెండు మాటలు చెప్పు. నువ్వు చూసిందే చెప్పు. చూడంది చెప్పొద్దు."

మా ఆరాధనలో పాటలయ్యాక సాక్ష్యాల సమయం ఉంటుంది. ఎవరైనా లేచి, వీసా వచ్చిందనో, జ్వరం తగ్గిందనో, అర్బాబ్ మనసు మారి ఊరికి పంపుతున్నాడనో అందరి ముందూ చెబుతారు. అన్నేళ్లలో నేను ఎప్పుడూ లేవలేదు. గిటారు వాయిస్తూ వినేవాణ్ణి. పాస్టరుగారు, "ఇంకెవరైనా?" అన్నప్పుడు గిటారు పక్కన పెట్టి లేచాను. అందరూ తలలు తిప్పారు.

చెప్పాను. మొదటినుంచి చెప్పాను. ఎండలో నడిచి రావడం, పెట్టె మూగబోవడం, టీ తాగడం, ఎవరూ అడగకముందే సారు ఇచ్చినాడని ఆమె అనడం. ధర అడగలేదని చెప్పాను. నేను తల ఊపితే ఆమె పాదం ఎలా తొక్కిందో చెప్పాను, ఇవ్వనివాడు ఆ పని నేర్పడని చెప్పాను. ఆయన ఆమెకే ఇచ్చాడు, ఆ మాట నాది, నా పూచీ అన్నాను. ఆయన కూతురు అడిగిన రోజున నేను ఇది చెప్పకుండా తప్పుకున్నానని, నా వల్లే ఆ పెట్టె పోయిందని, నా వల్లే ఈ పేరు వచ్చిందని చెప్పాను. ఎక్కువసేపే పట్టింది. పాస్టరుగారు గడియారం వైపు చూశారు. ఇంకో మాట కూడా దాచను. కూర్చోబోతుండగా, చివర బాగా కుదిరిందని లోపల ఉన్న ఆ పాత పత్రికవాడు అనుకున్నాడు. వాణ్ణి చంపడం నా వల్ల కాలేదు.

ఆరాధన అయ్యాక కాంపౌండులో వ్యాను దగ్గరికి వెళ్లాను. వ్యాను ఎక్కేవాళ్లను సర్దుతున్న గోదావరి అక్క నన్ను చూసి మొహం పక్కకు తిప్పుకుంది. తర్వాత లోపలి సీటు మీదున్న ఎవరిదో బ్యాగు తీసి కింద పెట్టి, "ఇలా రామ్మా, కిటికీ పక్కన కూర్చో. నీకు కళ్లు తిరుగుతాయి కదా, దూరం ప్రయాణం" అని పిలిచింది.

కడపావిడ మెట్టు మీద కాలు పెట్టి నావైపు తిరిగింది. నేను ఏదో అనబోయాను.

"విన్న్యాలే అన్నా" అంది. "ఆ పొద్దు ఒక్క మాట చెప్పింటే సరిపోయ్యేది. ఈ పొద్దు ఇంతసేపు చెప్పాల్సొచ్చె నీకు."

కోపంగా అనలేదు. నేను పడిన శ్రమకు జాలిపడ్డట్టే అంది. లోపలికి వెళ్లి కిటికీ పక్కన కూర్చుని, తలుపు లాగమని డ్రైవరుకు చెప్పింది.